వెల్డింగ్ వద్దన్నానని కోప్పడకు, చిన్నాయనా

కొలంబస్, ఒహాయో

చిన్నాయనకు నమస్కారాలు.

మొన్న నువ్వు "రేకు పగిలితే వెల్డింగ్ పెట్టించక ఈ అతుకుల పని ఎందుకు?" అని ఫోను పెట్టేశావు. ఫోనులో నీతో వాదించి నెగ్గినవాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ముందు అమ్మకు ఒక మాట చెప్పు. మేము ఆ రేకు పగిలిన బండిలో కాపురం ఉండడం లేదు. సెలవులకు ఊళ్లు తిరగడానికి కారు వెనక తగిలించుకునే ట్రైలర్ అది. లోపల పడకలు, చిన్న వంటగది ఉంటాయి, అంతే.

ఇక రేకు సంగతి. ప్రొద్దుటూరు షెడ్డులో నువ్వు లారీలకు కొట్టే రేకు ఇనుము. ఇది అల్యూమినియం, మందం అర మిల్లీమీటరు పైచిలుకు. వెనక ఉన్నవి సన్నటి చెక్క కమ్మీలు. ఇనుము వేడెక్కితే ఎర్రబడి ముందే హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఆ మర్యాద కూడా పాటించదు, ఉన్న రంగులోనే ఉండి 660 డిగ్రీల దగ్గర కరిగి జారిపోతుంది. గాలి తగిలి దాని పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. పని తెలిసినవాళ్లు టిగ్ వెల్డింగ్‌తో (టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ లాంటి వాయువు చాటున చేసే సన్నపాటి కరెంటు వెల్డింగ్) అతుకుతారు, కాదనను. కానీ రేకు ఊడదీసి బల్ల మీద పెట్టాలి, ఉన్నచోటే మంట పెడితే వెనక చెక్క అంటుకుంటుంది. ఊడదీయడమూ తేలిక కాదు. మా బండికి రేకు పట్టీలను కింది నుంచి పైకి ఒకదాని అంచులో ఇంకొకటి దూర్చి, చెక్కకు పిన్నులు కొట్టారు. అడుగు పట్టీ కావాలంటే పైవన్నీ విప్పాలి.

పగిలింది చక్రం పైనున్న కమాను మూల దగ్గర, ఒక స్క్రూ రంధ్రం నుంచి. ఇక్కడ చలికాలంలో రోడ్డు సందుల్లో నీళ్లు గడ్డకట్టి గుంతలు పడతాయి, బండి అదురుతూనే ఉంటుంది. ఇనుము ఒక హద్దులోపు అదురును ఎన్నేళ్లయినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న అదురైనా దాని లెక్కలో పడుతూనే ఉంటుంది.

పగులు వెంట్రుకంత సన్నం, చివర ఎక్కడో కంటికి ఆనదు. స్పిరిటుతో తుడిచి, నల్ల మార్కరు రుద్ది, వెంటనే మళ్లీ తుడిచాను. సిరా పగులులో మాత్రమే మిగిలి, నేను అనుకున్నదానికంటే బొటనవేలంత ముందుకు గీత కనిపించింది. ఆ చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. ఇది నీ షెడ్డు విద్యే, లారీ మడ్‌గార్డుకు నువ్వు వేస్తుంటే చూసిందే. పగులు రంధ్రం దాకా వచ్చి ఆగుతుంది.

అతుకు వేసే ముందు లోపలి బల్ల కింద పలక విప్పి చూశాను. స్క్రూడ్రైవరు గుచ్చితే ఒక కమ్మీ మెత్తగా దిగిపోయింది. మన మట్టి మిద్దెకు వానలకు ముందే చౌడు పరిచేది కింద దంతెల కోసమే కదా, ఇదీ అంతే. రేకు పగిలితే నష్టం రేకుకు కాదు, లోపలి చెక్కకు. తడి ఆరేదాకా ఆగి, కుళ్లిన ముక్క కోసి కొత్తది బిగించాను.

అతుకు రేకూ అల్యూమినియమే. మూలలు గుండ్రంగా కోశాను, కింద బ్యూటైల్ టేపు, అంటే మెత్తటి జిగురు రబ్బరు పట్టీ, పెట్టి అల్యూమినియం రివెట్లు కొట్టాను. ఇనుప స్క్రూలు వద్దనుకున్నాను. చలికాలంలో ఇక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు తగిలితే ఇనుము పక్కనున్న అల్యూమినియం పొడిపొడిగా తినేసుకుపోతుంది. పాత యజమాని మూలలన్నీ సిలికాన్ పూసి పెట్టాడు. దాని మీద రంగు నిలవదు, మరే జిగురూ అంటదు, గీకి తీయడానికే నా ఆదివారం పోయింది. ఆరు మీటర్ల అల్యూమినియం యాభై డిగ్రీల తేడాకు దాదాపు ఏడు మిల్లీమీటర్లు సాగుతుంది, కుంచించుకుంటుంది. గట్టిపడని బ్యూటైల్ అయితేనే దానితోపాటు కదులుతుంది.

ఇక నీ సాయం కావలసిన చోటుకు వచ్చాను. బండి రేకు నిండా అడ్డంగా సన్నటి మడతలున్నాయి. నేను వేసిన అతుకు చదును రేకు, మడతల మీద పైకి తేలి కొట్టొచ్చినట్టు కనబడుతోంది, మీ కోడలు రోజూ దానిని చూసి నవ్వుతోంది. మిషను లేకుండా, కొయ్య సుత్తితో చదును రేకుకు అలాంటి మడతలు ఎలా తెస్తావు? కింద చెక్క అచ్చు పెడతావా, కమ్మీ మీద వంచుతావా? కాగితం మీద బొమ్మ గీసి తమ్ముడితో ఫోటో పంపించు. చలి ముదిరితే రంగు సరిగా పట్టదు, అందుకే కాస్త తొందరగా పంపు. పిన్నికి నమస్కారాలు.

నీ అన్న కొడుకు