పంచాయతీ నిధుల కరపత్రాన్ని ఊరూరా తిప్పిన మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

2024 మే 13న జరిగిన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో మా నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేశాను. మాది అప్పటి ప్రకాశం జిల్లా పడమటి వైపు. గెలవలేదు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగిస్తారు, అదీ రాలేదు. ఫలితాలొచ్చిన ముప్పై రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి కాబట్టి ముందు ఆ పని ముగించాను. ఆ తర్వాత ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి నోటితో చెప్పినా, అందరి ముందూ చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆగస్టు 23 గ్రామసభల్లో జరిగింది చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు.

పేర్లు రాయొద్దని చాలామంది నన్ను అడిగారు. ఊళ్లో బతికేవాళ్లు, రేపు ఏ పార్టీ వాళ్లతోనైనా పనిపడుతుంది. అందుకని వరసలతోనే పిలుస్తున్నాను. ఎవరి గురించి రాశానో వాళ్లకు తెలుస్తుంది.

గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థి నామినేషన్‌కు ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రులకైతే అదే నియోజకవర్గంలో ఓటున్న పదిమంది సంతకం పెట్టాలి. ఆ పదిమందికి మొదటి దండం. ఆ కాగితం మీద సంతకం అంటే ఊళ్లో అందరికీ తెలిసిపోయే సంతకం. రెండు వైపుల నుంచీ ఫోన్లు వచ్చాయని తెలుసు. ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. 10,000 రూపాయల డిపాజిట్ కూడా నా చేతి డబ్బు కాదు, డ్వాక్రా అక్కలు, మా బడిలో పనిచేసిన పాత టీచర్లు తలా కాస్త వేసింది. ఆ డబ్బు తిరిగి రాలేదని నేను బాధపడుతుంటే, "డబ్బు పోయిందనుకోవద్దు, కరపత్రం చేరింది" అని మీరే నాకు ధైర్యం చెప్పారు.

ఎమ్మెల్యేగా నిలబడి పంచాయతీ నిధుల గురించి మాట్లాడటమేంటని మొదట్లో చాలామంది అడిగారు. సీసీ రోడ్డు వేయించేది, పింఛను రాయించేది, ఆస్పత్రి ఖర్చుకు సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు ఇప్పించేది ఎమ్మెల్యే అని మనకు అలవాటైపోయింది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాశారు. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, బడులు, ఆస్పత్రులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ వాటిలో ఏది ఎంతవరకు పంచాయతీకి అప్పజెప్పాలి, దాంతోపాటు డబ్బెంత ఇవ్వాలి అన్నది తేల్చేది రాష్ట్ర శాసనసభ. అంటే మా ఊరి కుళాయి సంగతి అసెంబ్లీలోనే మొదలవుతుంది. ఈ మాట చెప్పడానికే నిలబడ్డాను.

చెప్పడానికి నాకు నేర్పింది మాత్రం బాబాయ్. పంచాయతీ కార్యదర్శిగా రిటైరై ఇంటి దగ్గర ఉన్న మనిషి, సాయంత్రాలు మా అందరినీ వాళ్ల వసారాలో కూర్చోబెట్టుకుని క్యాష్ బుక్ ఎలా చదవాలో చెప్పారు. ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ (పంచాయతీల జమాఖర్చులు చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) తెరిచి, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ఎంత వచ్చిందో, ఏ వోచరు మీద ఎంత ఖర్చు రాశారో ఎవరైనా చూడొచ్చు. పాస్‌వర్డు అక్కర్లేదు, ఎవరినీ బతిమాలుకునే పని లేదు. ఇది తెలిసిన రోజు మాలో కొందరికి నిద్ర పట్టలేదు. ఒక పాత అట్ట ఫైలు వెనకవైపు స్కెచ్ పెన్నుతో బాబాయ్ గడులు గీసి చూపించింది నా దగ్గర ఇప్పటికీ ఉంది. కేంద్రం డబ్బులో రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ ఎంత ఇవ్వాలో సిఫార్సు చేసేది ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు నూరు రూపాయలు వస్తే, 60 ముందే ముడివేసి ఇచ్చేవాళ్లు: సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చేవాళ్లు గానీ, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడనిచ్చేవాళ్లు కాదు. 2021 నుంచి 2026 దాకా దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకు ఈ సంఘం సిఫార్సు చేసింది 2,36,805 కోట్లు. అంత పెద్ద లెక్కను మా ఊరి మురుగు కాలవ దగ్గరికి తెచ్చి చూపించారు ఆయన.

ఆ గడుల్లోంచే కరపత్రం పుట్టింది. అందులో మేం రాసిన మొదటి మాట, పంచాయతీ ఖాతాలో పడిన డబ్బు పంచాయతీ తీర్మానం లేకుండా కదలకూడదు అని. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బకాయి ఉంటే కట్టాల్సిందే. కానీ బిల్లు పంచాయతీ చేతికి రావాలి, మీటరు రీడింగు సరిచూసుకోవాలి, సభ్యులు ఒప్పుకోవాలి. గెలిపిస్తే ఈ మేరకు చట్టంలో మార్పు కోరుతూ ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లు) పెడతానన్నాను. ఎవరు గెలిచినా ఈ పని చెయ్యొచ్చు, ఇప్పటికీ చెయ్యొచ్చు.

పంచాయతీ ఎన్నికలు గడువులోపు జరగాలన్నది కూడా అంతే గట్టిగా రాశాం. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిస్తే, మళ్లీ ఓటు వేసింది 2021 ఫిబ్రవరిలో. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగిపోతుంది. మధ్యలో పోయిన కాలానికి ఊళ్లు కట్టిన మూల్యం ఎవరి లెక్కలోనూ లేదు. రాష్ట్ర ఆదాయంలో పంచాయతీల వాటా ఎంతో సిఫార్సు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘం విషయం కూడా ఇలాంటిదే. ఐదేళ్లకోసారి వెయ్యాలని రాజ్యాంగం 243-ఐ అధికరణంలో ఉంది. ఆ నివేదిక మీద ఏం చర్య తీసుకున్నారో శాసనసభ ముందు పెట్టాలి. దాని మీద ఓ పూట చర్చ జరగాలని అడిగాం.

పన్నుల గురించి రాయొద్దని నా శ్రేయోభిలాషులే చెప్పారు. ఓట్లు పోతాయన్నారు. రాశాను. ఓ ఊళ్లో రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన లేచి, "ఓటడగను వచ్చి ఇంటి పన్ను కట్టమంటావేందమ్మా?" అని గట్టిగానే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు వెనక కూర్చున్న డ్వాక్రా లీడరక్క లేచింది. "మామా, మీ ఇంట్లో క్యాన్ల నీళ్లకు నెలకెంత పోస్తన్నారు?" అంది. ఆయన చెప్పాడు. "ఏడాదికి ఇంటి పన్నెంత?" అంది. ఆయన చెప్పకముందే పక్కనున్నవాళ్లు చెప్పారు. అక్కడున్న చాలా ఇళ్లల్లో నెల క్యాన్ల ఖర్చే ఏడాది పన్ను కన్నా ఎక్కువ. ఆ తర్వాత ఆ సభ నా చేతుల్లో లేదు, ఆ అక్క చేతుల్లోకి పోయింది. పన్ను కడితే దేనికి ఖర్చు పెట్టారో గ్రామసభలో చదివి వినిపించాలి, రిజిస్ట్రేషన్ల మీద స్టాంపు డ్యూటీ సర్‌ఛార్జీలో మన వాటా ఎప్పుడొచ్చిందో గోడ మీద రాయాలి అని వాళ్లే కలిపారు. రెండోసారి అచ్చు వేసిన కరపత్రంలో ఆ వాక్యాలు అక్కవే. అక్కా, నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నీళ్ల సంగతి మా ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించారు, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నారు. పైపు వేశాక, కుళాయి బిగించాక బోరు ఎండిపోతే లెక్కలో కుళాయి ఉంటుంది, బిందెలో నీళ్లు ఉండవు. నీళ్లున్నచోట ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని తెలిసినా, పరీక్ష చేసిన కాగితం ఊళ్లో ఎంతమంది చూశారు? అందుకే ముందు నీటి వనరు, తర్వాతే కుళాయి అన్నాం. ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితం ట్యాంకు మీద తేదీతో సహా రాయాలన్నాం. ట్యాంకర్ నడిపే అన్న ఒకరు ఏ పల్లెకు ఏ రోజు ఎన్ని ట్రిప్పులు తోలాడో రాసుకున్న నోటుబుక్కును మా ముందు పెట్టాడు. డీజిల్ మరకలతో, అట్ట ఊడిపోయి ఉంది. మా మండలంలో ఎండాకాలం ఏ వీధి ఎప్పుడు ఎండుతుందో అంత వివరంగా రాసిన కాగితం నేను మరెక్కడా చూడలేదు. అన్నా, నీ నోటుబుక్కు లేకపోతే మా తాగునీటి పేరా ఉత్త మాటలే అయ్యేది. మా ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు రెండో సొరంగాన్ని మార్చిలో ప్రారంభించారు, సంతోషమే. నిర్వాసితుల పునరావాసం, మిగిలిన పనులు పూర్తయి నీళ్లు పారేదాకా మనకు దిక్కు ఈ ట్యాంకర్లే.

గ్రామ సచివాలయాల మీద మా మాట రెండు పక్షాలకీ నచ్చలేదు. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థను ఎత్తెయ్యాలని నేను అనలేదు. చదువుకున్న పిల్లలు ఊళ్లో కూర్చుని పనిచేస్తున్నారు, సర్టిఫికెట్ కోసం మండలానికి పరిగెత్తే తిప్పలు తగ్గాయి. కాకపోతే వాళ్లు సర్పంచుకీ, వార్డు మెంబర్లకీ, గ్రామసభకీ జవాబు చెప్పాలి. ఇప్పుడు పంచాయతీ ఒక దారి, సచివాలయం ఒక దారి. ఈ సంగతి లోపల ఎలా ఉంటుందో అర్థమయ్యేలా చెప్పిన వార్డు మెంబరు చెల్లెమ్మకు, ఏ ఫైలు ఎవరి సంతకంతో కదులుతుందో వివరించిన వాళ్లకు ధన్యవాదాలు. మీ ఉద్యోగాలకు ఇబ్బంది అని ఇంతకు మించి రాయట్లేదు.

డీటీపీ షాపు తమ్ముడి గురించి చెప్పాలి. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. స్వతంత్ర అభ్యర్థి కాగితం మీద షాపు పేరు వేసుకోవడానికి వేరేచోట వెనకాడారు. ఇతను ఒక్క మాట కూడా అనకుండా వేశాడు. అక్షరదోషాలు కూడా అతనే దిద్దాడు. "తీర్మాణం" కాదక్కా, "తీర్మానం" అని.

ఊళ్లో కుర్రాళ్లు క్రికెట్ కిట్ అడిగితే ఇవ్వలేనన్నాను, అయినా పోలింగు రోజు నా ఏజెంట్లుగా కూర్చుంది ఆ కుర్రాళ్లే. ఉదయం 5:30కి మాక్ పోల్ (ఓటింగ్ యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగు) దగ్గర నుంచి, క్యూలో ఉన్న చివరి ఓటు పడేదాకా కదల్లేదు. కొన్ని బూత్‌ల్లో బాగా పొద్దుపోయింది. బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిచ్చే 17సీ ఫారం కాపీ మడత నలగకుండా తెచ్చి నా చేతిలో పెట్టారు. తమ్ముళ్లూ, మీ అమ్మానాన్నలకు కూడా నా నమస్కారం చెప్పండి. వాళ్లలో చాలామంది వేరే పార్టీకి ఓటేశారని తెలుసు, అయినా మిమ్మల్ని ఆపలేదు.

ఇక ఆగస్టు 23. రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభ పెట్టారు. మా ఊళ్లో నేను వెనక వరసలో కూర్చున్నాను. మాట్లాడే అవసరం రాలేదు. ఒకామె కరపత్రం మడత విప్పి, ముడివేసిన నిధుల్లో తాగునీటి వాటా ఎంత, అందులో ఎంత ఖర్చయ్యింది అని అడిగింది. కార్యదర్శి తడబడకుండా అంకెలు చదివారు. ఆయనకూ ధన్యవాదాలు. ఓ కుర్రాడు వోచరు నంబరు చెప్పి, ఆ మోటారు రిపేరు ఏ బోరుకు చేశారని అడిగాడు. సర్పంచ్ గారు కోప్పడలేదు, రిజిస్టరు తెప్పించి చూపించారు. పక్క ఊళ్లో కూడా ఇలాగే అడిగారని తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎన్నికల్లో నాకు ఓటెయ్యనివాళ్లు కూడా ఆ కాగితం దాచుకున్నారని ఆరోజే తెలిసింది.

ఇంకొకటి. ఆగస్టు 15 జెండా పండక్కి చిన్న పంచాయతీకి 100, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చేవాళ్లు. ఈ ఏడాది దాన్ని 10,000, 25,000 చేశారు. ఇది మా కరపత్రంలో లేదు, మాకు తట్టను కూడా లేదు. చేసినవాళ్లకు మనస్ఫూర్తిగా అభినందనలు. పంచాయతీకి కాస్త మర్యాద ఇచ్చిన పని ఇది.

ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారి దగ్గర ఉంది, కాపీ నా దగ్గరా ఉంది. విరాళం ఇచ్చినవాళ్లు ఎవరైనా ఇంటికొచ్చి చూసుకోవచ్చు, మీ పేరు ఎదురుగా మీ మొత్తం ఉందో లేదో సరిచూసుకోండి. అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాది ప్రణాళిక కోసం గ్రామసభలు మొదలవుతాయి. కరపత్రంలోంచి నా పేరు, ఎన్నికల గుర్తు తీసేసి, వెనక ఈ-గ్రామ్‌స్వరాజ్ చూసే పద్ధతి వేసి తమ్ముడు మళ్లీ అచ్చు వేస్తున్నాడు. కావాల్సినవాళ్లు షాపు దగ్గర తీసుకోండి. బాబాయ్ ఆదివారం సాయంత్రాలు ఇంటి దగ్గరే ఉంటానన్నారు, క్యాష్ బుక్ నేర్చుకోవాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు. పిన్ని టీ పెడుతుంది. ఎన్నికలన్నాళ్లూ మా అందరికీ పెట్టింది, ఆమెకు ఈ చివర్లో కాక మొదట్లోనే చెప్పాల్సింది.