హంటర్ రోడ్డులో నన్ను వెంటనే లేపని వాళ్లకు

ముందుగా సిగ్గుపడుతూ ఒక మాట చెప్పుకోవాలి. నేను ఆర్టీసీలో 28 ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషిని. 1990లో చేరి 2018లో రిటైరయ్యాను. వరంగల్–హైదరాబాద్, వరంగల్–కరీంనగర్, జాతర రోజుల్లో మేడారం, అన్ని రూట్లూ నడిపాను. బస్సుకు గీత పడనివ్వడని డిపోలో పేరు. అలాంటివాడిని మొన్న జూలైలో, ఇంటికి కూతవేటు దూరంలో, గంటకు పాతిక కిలోమీటర్లు దాటని స్కూటర్ మీద నుంచి బోర్లా పడ్డాను.

భుజం కట్టు విప్పి వారమైంది. ఎడమచేత్తో ఇంకా బరువులు ఎత్తవద్దన్నారు. రాయడానికి కుడిచెయ్యి చాలు కాబట్టి, ఇన్నాళ్లూ మనసులో మోస్తున్న మాట ఇక్కడ దించుకుంటున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. రాత్రి ఏడున్నర ప్రాంతంలో హనుమకొండ అదాలత్ వైపు నుంచి హంటర్ రోడ్డు మీదుగా కరీమాబాద్‌లోని మా ఇంటికి వస్తున్నాను. ఎవరో పైపు కోసం రోడ్డును అడ్డంగా కోసి, మట్టి పోసి, తారు వేయకుండా వదిలేశారు. వానకు మట్టి దిగిపోయింది. గుంతలో నీళ్లు రోడ్డు మట్టానికి నిండాయి. తడిసిన తారూ, నిలిచిన నీళ్లూ వీధి దీపాల కింద ఒకేలా మెరుస్తాయి. ముందు చక్రం దిగబడింది. నేను ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. బురదలో ముందు బ్రేకు పట్టకూడదని ఎంతమంది కుర్రవాళ్లకు చెప్పి ఉంటానో లెక్కలేదు. నా మాట నా చెయ్యే వినలేదు.

పడ్డాక నాకు తెలిసిన మొదటి సంగతి, నా వెనక ఒక ఆటో ఆగిన చప్పుడు. అందరూ అనుకునేది వేరు: పడిన మనిషిని గబుక్కున లేపి పక్కన కూర్చోబెట్టి నీళ్లు తాగించడమే సాయమని. ఆ ఆటో తమ్ముడు ఆ పని చేయలేదు. నాకు పది, పదిహేను అడుగుల వెనక ఆటోను రోడ్డుకు అడ్డంగా పెట్టి, ఇండికేటర్లు రెండూ వెలిగించి, సెల్‌ఫోను లైటు ఊపుతూ వచ్చే బండ్లను పక్కకు మళ్లించాడు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చి, ‘‘బాపూ, కదలకండి, మీ వెనక నేనున్నాను’’ అన్నాడు.

ఆ ఒక్క పని విలువ డ్రైవర్లకే పూర్తిగా తెలుస్తుంది. నలభై వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు ముందుకు పోతుంది. నడిపేవాడు చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపే పడిన మనిషి చక్రం కిందికి వచ్చేస్తాడు. వాన రాత్రి అయితే చెప్పనే అక్కర్లేదు. మొదటి దెబ్బకు బతికి, వెనక వచ్చిన బండి కింద పోయిన వాళ్లను నేను హైవే మీద కళ్లారా చూశాను. ఆ ఆటో తమ్ముడికి ఈ పాఠం ఎవరు నేర్పారో, ఎక్కడ నేర్చుకున్నాడో! అడిగితే, ‘‘నా కళ్ల ముందు ఒకసారి అట్లా జరిగింది’’ అని ఊరుకున్నాడు.

ఈలోగా జనం చేరారు. ఇద్దరు నా చంకల కింద చేతులు వేయబోయారు. ఒకరు హెల్మెట్ లాగబోయారు. అప్పుడు ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ఒక అమ్మాయి వాళ్లను గద్దించింది. నర్సింగ్ చదువుతున్నానని చెప్పింది. మెడకు దెబ్బ తగిలిందో లేదో తెలియకుండా ఎవరూ ముట్టుకోవద్దంది. నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుని నా తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. కాళ్ల వేళ్లు ఆడించమంది, చేతి వేళ్లు మడవమంది, ఈ రోజు ఏ వారమని అడిగింది. బుధవారమన్నాను. నిజానికి అది గురువారం. వారాలు గుర్తుపెట్టుకోవడం రిటైరైన రోజే మానేశానమ్మా అంటే ఆ నొప్పిలో కూడా అందరూ నవ్వారు. 108 వచ్చేసరికి తన చున్నీతో నా ఎడమచేతిని ఛాతీకి ఆనించి కట్టింది. మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగిందని, ఆ కట్టు సరిగ్గా పడిందని ఎంజీఎం ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పారు.

మూడో మనిషి, పక్కనే బొగ్గుల మీద మక్క కంకులు కాల్చి అమ్మే చెల్లె. బండి మీద కప్పిన టార్పాలిన్ ఊడదీసి, నలుగురి చేత నాలుగు మూలలా పట్టించి నా మీద వాన పడకుండా చేసింది. ఆమె నిప్పులు ఆరిపోయాయి, ఆ పూట బేరం పోయింది. నా సంచీ, తాళం చెవి, కళ్లజోడు దాచి, మా అబ్బాయికి ఫోను చేసింది. ‘‘మీ నాయన బాగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, మెల్లగా రా బిడ్డా, వాన పడుతోంది’’ అని చెప్పిందట. కంగారుగా బండి నడిపి ఇంకొకరు పడకూడదని ఆమెకు తోచింది. మా ఇంట్లో ఎవరికీ తోచేది కాదు.

తర్వాత తెలిసిన సంగతి ఒకటి. రెండు రోజుల ముందే ఆమె ఆ గుంతలో కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టిందట. ఆ రోజు వరద దాన్ని కొట్టుకుపోయింది. మన పల్లెల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోసినా చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లూ ప్రమాదమే, ఎన్నోసార్లు తిట్టుకున్నాను కూడా. అయినా అక్కడ ఏదో ఉందని మాకు తెలిసేది. అంత పెద్ద నగరంలో గుంతకు గుర్తు పెట్టింది కంకులమ్మే మనిషి ఒక్కతే.

మంచం మీద పడుకుని చట్టం కూడా చదివాను. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డును ప్రమాణాల ప్రకారం వేయక, చూసుకోక, దానివల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. నాకు ఆ రెండూ జరగలేదు కాబట్టి వాళ్ల అదృష్టం బాగుంది. నాదీ బాగానే ఉంది.

అదే సవరణలో, సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చే 134ఎ సెక్షన్ కూడా ఉంది. పోలీసు వచ్చి వివరాలు అడుగుతుంటే మా ఆటో తమ్ముడు వెనక్కి జరగడం చూశాను. పేరు చెబితే స్టేషన్ చుట్టూ తిరగాలని భయం. ఆ కానిస్టేబుల్‌కు కూడా ఇక్కడే దండం పెడతాను. ‘‘సాయం చేసినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, ఇష్టమైతేనే చెప్పు’’ అన్నాడు. సుప్రీంకోర్టు 2016లోనే ఈ రక్షణకు ఆమోదముద్ర వేసింది. మా సర్వీసు తొలి రోజుల్లో దెబ్బ తిన్నవాళ్లను బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చేవాళ్లం. సాక్ష్యం అనగానే ప్రయాణికులంతా కిటికీల వైపు చూసేవాళ్లు. 2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక ఆ వెనక సీటు ఖాళీ అయింది.

108లో డ్రైవర్‌ను పైలట్ అంటారు. పడుకున్నా నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి. గేరు మార్చినట్టు తెలియలేదు. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు కూడా అతనికి కంఠతా వచ్చు. ఒక్కదాని మీదా భుజం అదరలేదు. తమ్ముడూ, నేను ఎవరి డ్రైవింగ్‌నూ అంత తేలిగ్గా మెచ్చుకోను.

మా కోడలికి కూడా బహిరంగంగానే చెప్పాలి. నా పాత టోపీలాంటి హెల్మెట్‌ను పారేసి, ఐఎస్ఐ గుర్తున్నది తెచ్చి, గడ్డం కింద బెల్టు పెట్టుకుంటేనే తాళం చేతికిచ్చేది. రోజూ సణిగేవాణ్ణి. ఇప్పుడు దాని ఎడమ పక్క పగిలి ఉంది. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు. అయినా పారేయనివ్వలేదు.

చివరగా, నాకు తెలియని కొన్ని వందల మందికి క్షమాపణ. బస్సు సీటు ఎత్తు మీద నుంచి గుంత ముందే కనిపిస్తుంది, పెద్ద చక్రానికి అదొక కుదుపు. అదే గుంతను తప్పించడానికి ద్విచక్రవాహనం మీది మనిషి హఠాత్తుగా నా ముందుకు వంకర తిరిగితే, ఉప్పల్ దగ్గరైనా, కాజీపేట దగ్గరైనా, హారన్ మీద చెయ్యి తీయకుండా తిట్టేవాణ్ణి. వాళ్లు ఎందుకు తిరిగారో ఇప్పుడు భుజం చెబుతోంది.

నేను పడిన మర్నాడే ఆటో అడ్డా వాళ్లు కూలిన గోడ ఇటుక ముక్కలు తెచ్చి ఆ గుంత పూడ్చారు. తారు ఇంకా పడలేదు. మొన్న వెళ్లి చూశాను. ఆటో తమ్ముడితో టీ తాగాను, కంకులు తిన్నాను. చెల్లె డబ్బులు వద్దంది. ఆరిపోయిన నిప్పుల బాకీ అని బలవంతంగా ఇచ్చి వచ్చాను.

ఆకుపచ్చ రెయిన్‌కోటు అమ్మాయి పేరు మాత్రం అడగలేకపోయాను. అమ్మా, ఇది చదివితే, నీ పసుపు చున్నీని మా ఇంటావిడ ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. బురద మరక ఒక మూల కొంచెం మిగిలింది, ఏమనుకోకు. కంకుల బండి దగ్గర కవరులో పెట్టి ఉంచాం. కంకుల కాలం అయిపోయేలోపు వచ్చి తీసుకో. ఆ తర్వాత చెల్లె పల్లీల బండి పెడుతుందట, చోటు మాత్రం అదే.