పాత సంగీత శాల సిరిమానుకు తెరవలేం

మా షాపులో హార్మోనియం, వీణ, మృదంగం బాగు చేయించుకునే వాళ్లందరికీ, హాలు కోసం అడ్వాన్సు ఇచ్చిన వాళ్లకీ నమస్కారం. తాళం పడి ఉన్న పాత సంగీత శాల హాలును బాగుచేయించి, విజయనగరంలో సిరిమాను పండగ నాటికి తెరుస్తామని చెప్పాం. కుదరదు. సంక్రాంతి దాటాకే.

గోడల దగ్గరే ఆగింది పని. అవి ఇటుక, సున్నంతో కట్టినవి. తాళం పడకముందు ఎప్పుడో, ఎవరో పైన సిమెంటు పూయించారు. సున్నపు గోడ చెమ్మను తీసుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. వేలి కణుపుతో కొడితే డొల్లగా మోగుతోంది. కింది భాగమంతా తెల్లగా ఉప్పు పొంగింది. ఒకచోట పెచ్చు ఊడదీస్తే వెనక ఇటుక గోటికే పొడిగా రాలింది. పైపైన రంగు కొట్టి ఓపెనింగ్ చేసేయొచ్చు, రెండు వానలకి కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే సిమెంటంతా చెక్కించి, గానుగ సున్నమే పూయిస్తున్నాం. సున్నం నానాలి, ఇసుకతో గానుగాడించాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. పూశాక గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. ఒక పొర కుదురుకోకముందే ఇంకో పొర వేస్తే బీటలే. ఈ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే గగనమైంది, ఇక ఆయన్ని తొందరపెట్టే ధైర్యం నాకు లేదు.

ఖర్చు అనుకున్నదానికి దాదాపు రెట్టింపయ్యేలా ఉంది. కాబట్టి ఆదివారాలు బారసాలలకు, నిశ్చితార్థాలకు అద్దెకిస్తాం. డీజే మాత్రం వద్దు. మిగతా రోజుల్లో పిల్లల పాఠాలకు, భజనలకు, హరికథలకు కరెంటు ఖర్చు ఇస్తే చాలు.

"ఊళ్లో మ్యూజిక్ కాలేజీ ఉండగా ఇదెందుకు?" అని కొందరు అడిగారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. దానితో మాకు పోటీ ఏమిటండీ! డ్యూటీ దిగి రాత్రి ఏడింటికి వయొలిన్ తీసేవాళ్లున్నారు. అపార్ట్‌మెంట్‌లో మృదంగం వాయిస్తే కింది ఫ్లాటు వాళ్లతో గొడవ పడేవాళ్లున్నారు. వాళ్లకి చోటు కావాలి, అంతే.

ఫాల్స్ సీలింగ్ వేయించమని సలహాలు వస్తున్నాయి. వేయించం. పెంకుల కింద ఎక్కడ కారుతోందో కంటికి కనపడాలి. ఖాళీ హాల్లో మృదంగం దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దైపోతున్న మాట నిజమే. జంపఖానాలు పరిచి, జనం వచ్చి కూర్చుంటే ఆ మోత చాలావరకు తగ్గుతుంది. మధ్యాహ్నం ఉక్కపోతకి మాత్రం ఫ్యాన్లే గతి, ముందే చెబుతున్నా.

అడ్వాన్సు వెనక్కి కావాలనుకుంటే షాపుకి రండి, మారుమాట లేకుండా ఇచ్చేస్తాం. రిపేర్లు ఆగలేదు, కాకపోతే సాయంత్రాలు నేను హాలు దగ్గరే ఉంటున్నా, వాయిద్యాలు పొద్దున్నే తెచ్చివ్వండి. మీ పెరట్లో పాత బెంగుళూరు పెంకులు పడి ఉంటే చెప్పండి, మేమే ఆటో పంపి డబ్బిచ్చి తీసుకెళ్తాం. అంచులు విరిగినవి మాత్రం వద్దు.