నకిలీ మెయిళ్లు: సంస్థలకూ బాధ్యత ఉంది

సంపాదకులకు,

అమెజాన్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థల పేరిట ‘మీ ఖాతాను నిలిపివేశాం, 24 గంటల్లో వివరాలు సరిచూసుకోండి’ అంటూ వచ్చే నకిలీ ఈ-మెయిళ్లలో అక్షరదోషాలు వెతికితే ఇక చాలదు. లోగో, రంగులు, భాష అన్నీ అసలువాటిలాగే ఉంటున్నాయి. చూడవలసింది పంపినవారి పేరును కాదు, దాని వెనుకనున్న చిరునామాను. ‘అమెజాన్ డాట్ కామ్’ అన్న మాటలు ముందుగా కనిపించినా, వాటి తర్వాత చుక్క పెట్టి మరో డొమైన్ (వెబ్‌సైటు) పేరు ఉన్నట్లయితే ఆ చిరునామా అమెజాన్‌ది కానే కాదు. ఆంగ్లంలో ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెట్టి ఎమ్‌గా భ్రమింపజేసే ఎత్తును చిన్న ఫోన్ తెరపై పసిగట్టడం మంచి చూపున్నవారికీ కష్టమే. పైగా పంపినవారి చిరునామాను కూడా మోసగాళ్లు అసలుదిలా కనిపించేలా చేయగలరు. అందుచేత మెయిల్‌లోని లింకును తాకకుండా, ఆ సంస్థ యాప్‌ను స్వయంగా తెరిచి చూసుకోవడమే క్షేమం.

అయితే భారమంతా వినియోగదారులపైనే మోపడం న్యాయం కాదు. అసలు సంస్థలే ‘ఇక్కడ నొక్కండి’ అంటూ మెయిళ్లు పంపుతుంటే జనానికి నొక్కడమే అలవాటవుతుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులకే ప్రత్యేకించిన ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ వెబ్ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినట్లే, ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు ఖాతా, చెల్లింపు వివరాలు కోరే లింకులను మెయిళ్లలో పంపరాదని కేంద్రం నిబంధన తేవాలి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా ఫోన్ చేయవలసిన సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930ని ప్రతి బిల్లుపైనా ముద్రింపజేయాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ