‘అప్పగించాడు’ అన్న మాట సవరించండి

సంపాదకులకు,

ఆదివారం మీ అనుబంధంలో కోహినూర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. వజ్రం మన కొల్లూరు గనుల్లో దొరికిందన్న మాటతో మొదలుపెట్టి లండన్ దాకా ఆసక్తిగా నడిపించారు. కానీ 1849 దగ్గరికి వచ్చేసరికి ‘దులీప్ సింగ్ వజ్రాన్ని బ్రిటిష్ రాణికి అప్పగించాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

అప్పగించిన ఆ పంజాబు సిక్కు మహారాజుకు అప్పుడు పదేళ్లు. కన్నతల్లి మహారాణి జిందాకౌర్ అప్పటికి లాహోరుకు ఎంతో దూరాన ఇంగ్లిషువారి నిర్బంధంలో ఉంది.

1843లో అయిదేళ్ల కొడుకును గద్దె మీద కూర్చోబెట్టి, పరదా పక్కకు నెట్టి దర్బారు నడిపిన మనిషి ఆమె. తోడబుట్టినవాడిని సొంత సైన్యమే ఆమె కళ్లెదుట చంపినా పాలన వదల్లేదు. ఇంగ్లిషువారితో జరిగిన 1845-46 యుద్ధంలో ఆమె వజీరు లాల్ సింగ్, సేనాపతి తేజ్ సింగ్ శత్రువుతో చేతులు కలిపారు. అదుపు తప్పిన సైన్యాన్ని వదిలించుకోవడానికి ఆమే యుద్ధానికి ఉసిగొల్పిందనే చరిత్రకారులూ ఉన్నారు. ఆమెను దేవతను చేయమని నేను అడగడం లేదు.

1846 డిసెంబరులో భైరోవాల్ ఒప్పందంతో ఇంగ్లిషువారు ఆమె అధికారం తీసేసి, ఏడాదికి లక్షన్నర రూపాయల భరణం చేతిలో పెట్టారు. మరుసటి ఏడు, తేజ్ సింగ్‌కు రాజా బిరుదు ఇచ్చే వేళ అతని నుదుట తిలకం దిద్దనని పిల్లవాడు మొండికేశాడు. తల్లి నేర్పిందేనని ఆమెను షేక్‌పురా కోటకు పంపి, భరణాన్ని 48 వేలకు కోశారు. నడతకు చెడ్డపేరు మోసిన రోమన్ రాణి మెసలీనా పేరు తగిలించి నడత మీద బురద చల్లారు. ఆమె 1849 ఏప్రిల్‌లో, తర్వాత తనను బంధించి ఉంచిన చునార్ కోటను దాసి వేషంలో దాటి నేపాల్ చేరింది. కొడుకును మళ్లీ చూసింది 1861లో, కలకత్తాలో. అప్పటికి చూపు దాదాపు పోయింది.

చాలా ఏళ్లు బడిలో చరిత్ర చెప్పాను. సిక్కు యుద్ధాల పాఠంలో తేదీలు వల్లె వేయించానే తప్ప ఒక్కసారీ ఆమె పేరు పలకలేదు. కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను.

కొడుకు వెంట ఇంగ్లండు వెళ్లిన ఆమె 1863లో లండన్‌లో కన్నుమూస్తే అక్కడ దహనానికి వీలు లేకపోయింది. మరుసటి ఏడాది కొడుకు శవపేటికను ఓడలో తెచ్చాడు. పంజాబుకు వెళ్లనివ్వకపోతే బొంబాయి వైపే దహనం చేసి, నాసిక్‌లో, గోదావరి ఒడ్డున ఆమె సమాధి కట్టించాడు. మా ఊరి రేవుకు వచ్చే నీళ్లు అటు నుంచే వస్తాయి.

వచ్చే ఆదివారం రెండు వాక్యాల సవరణ వేయగలరు. ‘అప్పగించాడు’ బదులు ‘లాక్కున్నారు’ అంటే చాలు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం