మూడేళ్ల ప్రాక్టీసు సర్టిఫికెట్ కోసమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

సివిల్ జడ్జి పోస్టుకి అప్లై చేయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది కదా, అప్పట్నుంచి జూనియర్లుగా చేరతామని నన్ను అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ చాలామంది మొదటి రోజే అడిగేది ఒకటే, సార్ మూడేళ్లయ్యాక సర్టిఫికెట్ ఇస్తారా అని. పదేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయర్ ఇచ్చి దాని మీద జడ్జి గారు ధ్రువీకరిస్తే చెల్లుతుందని తీర్పులోనే ఉంది, లెక్క కూడా బార్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే మొదలవుతుంది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. నా బాధల్లా ఆ మూడేళ్లు ఊరికే కోర్టుకి వచ్చి పోతూ గడిపేస్తారేమోనని. రేపు జడ్జిగా కూర్చున్నా, లాయర్‌గానే ఉండిపోయినా, ట్రయల్ కోర్టులో పని నేర్చుకోని మనిషి వల్ల నష్టపోయేది కక్షిదారుడే.

ఆ పిల్లలకి నేను చెప్పేది ఇది. మొదటి ఏడాది వాదించే ఛాన్స్ రాలేదని దిగులు పడకండి. పొద్దున కేసులు వరసగా పిలిచే కాల్‌వర్క్‌కి మన కేసు లేకపోయినా వెళ్లి కూర్చోండి, ఏ పిటిషన్‌కి జడ్జి గారు ఏం అడుగుతున్నారో వినండి. లోపాలున్నాయని కోర్టు తిప్పి పంపిన ప్లెయింట్లు (దావా పత్రాలు) గుమాస్తా గారికి వదిలేయకుండా మీరే చూడండి, కోర్టు ఫీజు ఎందుకు తక్కువైంది, ఆస్తి వివరాల షెడ్యూల్లో ఏం లోపముంది, ఇవన్నీ ఆ ఆబ్జెక్షన్లలోనే తెలుస్తాయి. స్థిరాస్తి దావా అయితే ఆస్తిని గుర్తుపట్టేలా హద్దులో సర్వే నంబర్లో ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 7 రూల్ 3 చెప్తుంది. కాలేజీలో అది ఒక లైనే, ఎవరూ ఆగి చదవరు. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీన్ గారు వెళ్లి ఏ స్థలం స్వాధీనం చేయాలో తేలక తిరిగొచ్చినప్పుడు, ఏళ్ల తరబడి తిరిగిన క్లయింటు మొహం చూస్తే తెలుస్తుంది ఆ లైను విలువ.

నా మొదటి ఏడాదిలో జరిగింది చెప్తాను. సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, నేను ఇంకో హాల్లో వాయిదా తీసుకోవడానికి పోయాను, వచ్చేసరికి మా సూట్ పిలిచేశారు, అవతలి వాళ్లు ఉన్నారు మేం లేం, మేం హాజరు కాలేదని డిఫాల్ట్‌లో డిస్మిస్ (కొట్టివేత) అయిపోయింది. భయమేసి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన అసలు తప్పు ఆ రెండు రోజులు దాచడమే, ఎందుకంటే సీపీసీ ఆర్డర్ 9 రూల్ 9 కింద సరైన కారణం చూపించి దావాని మళ్లీ తెరిపించుకోవచ్చు, 30 రోజుల టైం ఉంది. మూడో రోజు చెప్తే సీనియర్ గారు తిట్టలేదు, క్లయింటుకి నువ్వే ఫోన్ చేసి చెప్పమన్నారు. ఆ ఫోన్ కాల్ నాకు ఇప్పటికీ గుర్తే. మీ వల్ల ఏదైనా జరిగితే ఆ రోజే చెప్పేయండి, చాలావాటికి చట్టంలో దారి ఉంటుంది, కాకపోతే ఆ దారికి గడువు కూడా ఉంటుంది.

గడువులకి వేరే నోట్‌బుక్ పెట్టుకోండి. చెక్కు బౌన్స్ కేసులో బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజులు చూడాలి, ఆ తర్వాత నెలలోపు కంప్లైంట్ వేయాలి, వీటిలో దేన్నీ క్లయింటు గుర్తుపెట్టుకోడు, మీరే పెట్టుకోవాలి. సివిల్ డిక్రీ మీద అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన టైం మినహాయిస్తారు, అయితే మీరు కాపీ అప్లికేషన్ పెట్టకముందు పోయిన రోజులు దాంట్లోకి రావు, అందుకే తీర్పు చెప్పిన రోజు సాయంత్రానికే అప్లికేషన్ పడాలి.

2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కాబట్టి సెక్షన్లతో జాగ్రత్త. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 482 అంటే కేసు క్వాష్ చేయమని, అంటే కొట్టేయమని, హైకోర్టుకి వెళ్లే సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి పోయింది. రెండు నంబర్లూ ఇంకొన్నేళ్లు తెలిసుండాల్సిందే, ఎందుకంటే పాత కేసులు ఇంకా నడుస్తున్నాయి.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం. సీనియర్ గారు క్రాస్ చేస్తుంటే పక్కన కూర్చుని ప్రశ్నా జవాబూ రాసుకోండి, సాయంత్రం డిపోజిషన్ (కోర్టు రాసుకున్న సాక్ష్యం) ముందు పెట్టుకుని ఏ ప్రశ్న దేనికి అడిగారో ఆలోచించండి, అర్థం కాకపోతే అడగండి. ఒక ఉదాహరణ చెప్తాను. సాక్షి పోలీసులకి ఒకటి చెప్పాడు, కోర్టులో ఇంకోటి చెప్పాడు. తేడా ఉందని ఆర్గ్యుమెంట్స్‌లో గట్టిగా అంటే ఏం లాభం లేదు. పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్‌లో ఆ ముక్కని సాక్షికి చూపించి అడగాలి, నేను అలా చెప్పలేదు అంటే ఆ ముక్కని కోర్టు రికార్డులో మార్క్ చేయించాలి, తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు సాక్షి అలా చెప్పాడని ఆయనతో రుజువు చేయించాలి. మొదటిది అందరూ చేస్తారు, చివరిది మర్చిపోతారు, ఆ కాంట్రడిక్షన్ (మాటల్లో తేడా) రికార్డులో నిలబడకుండా పోతుంది. ఇది ఏ కోచింగ్‌లోనూ పట్టుబడదు, ఫైలు మొత్తం మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివినవాడికే పట్టుబడుతుంది.

జడ్జిమెంట్లు వెతకడానికి ఏఐ వాడటం తప్పని నేననను, కానీ అది ఇచ్చిన ప్రతి సైటేషన్‌నీ (తీర్పు ప్రస్తావన) అసలు తీర్పుల రిపోర్టులో తెరిచి చదివాకే పిటిషన్‌లో పెట్టండి. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పుల్ని కోర్టుకి ఇచ్చినందుకు లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇంకోటి, ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు ఆపకండి, ఆ హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.

చివరగా నా తోటి సీనియర్లకి ఒక మాట. ఇంత నేర్చుకోమని పిల్లలకి చెప్తున్నాం, వాళ్లు మూడేళ్లు దేంతో బతకాలి? చదివించిన అమ్మానాన్నల మీదే ఇంకా ఆధారపడలేక, ముఖ్యంగా ఇంట్లో మొదటి తరం లాయర్లు, ఏడాది తిరక్కముందే వేరే ఉద్యోగాలకి వెళ్లిపోతున్నారు. జూనియర్లకి నెలకి పట్టణాల్లో కనీసం రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది, అది సిఫార్సే తప్ప తప్పనిసరి కాదు. అంత ఇవ్వలేని ఆఫీసులు చాలా ఉన్నాయని నాకూ తెలుసు. కనీసం ఎంత ఇవ్వగలమో చేరిన రోజే చెప్పి, ఆ డబ్బు వాళ్లు అడక్కుండా నెల మొదట్లో ఇచ్చేద్దాం. అలాగే ఆర్నెల్లకి ఒక్కసారైనా ఒక చిన్న సాక్షి క్రాస్ వాళ్లకి వదిలి, మనం పక్కన కూర్చుందాం.

ఇట్లు,
ట్రయల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది