హిమాలయాన్ని ముక్కలుగా కొలవకండి: కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను నంద్యాలలో ముప్పై ఏళ్లు హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్పి రిటైర్ అయ్యాను. హిమాలయాల పొడవు సుమారు 2,400 కిలోమీటర్లని చెప్పి, హిమాద్రి, హిమాచల్, శివాలిక్ అంటూ బోర్డు మీద మూడు గీతలు గీసేవాణ్ణి. ఆ గీతల్లో ఏముందో మాత్రం చార్‌ధామ్ యాత్రకు వెళ్లినప్పుడే తెలిసింది.

బద్రీనాథ్ దారిలో కొండచరియ విరిగిపడి మా బస్సు రెండు గంటలు ఆగిపోయింది. దిగి, కొత్తగా కోసిన కొండ పక్కన నిలబడ్డాను. రాయి ముక్క ఒకటి తీసి వేళ్లతో నొక్కితే అప్పడంలా పొరలుగా విరిగి పొడైంది. మా నల్లమల రాయి గునపానికి కూడా ఒక పట్టాన లొంగదు. మాది వంద కోట్ల ఏళ్లు పైబడి కుదురుకున్న నేల. అక్కడ సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన భూఫలకం ఆసియాను ఢీకొంది. ఆ తోపుడు ఇప్పటికీ ఆగలేదు. దానికి నలిగిపోయిన రాయే నా చేతిలో పొడైంది. మా డ్రైవరు టీ తాగుతున్నంతసేపూ కొండ పైకే చూస్తూ నిలబడ్డాడు. చిన్న రాళ్లు జారాయంటే వెనకాలే పెద్దవి వస్తాయన్నాడు.

అలాంటి కొండను కోసి రోడ్లు వెడల్పు చేసే చార్‌ధామ్ ప్రాజెక్టు పొడవు దాదాపు 900 కిలోమీటర్లు. పనులు మొదలైనప్పటి నిబంధనల ప్రకారం, అదనపు భూమి ఎక్కువగా తీసుకుంటూ 100 కిలోమీటర్లు దాటే జాతీయ రహదారి విస్తరణకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి. ఈ ప్రాజెక్టును 53 ముక్కలు చేశారు. ఏ ముక్కా 100 దాటలేదు కాబట్టి ఆ అంచనా లేకుండానే పనులు నడిచాయి. మంత్రి గారూ, నా బాధంతా ఇక్కడే ఉంది.

2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని రోంటీ శిఖరం కింద, 5 వేల మీటర్లకు పైన, మంచుతో సహా ఒక రాతి వాలు ఊడిపడింది. ఆ రాయీ మంచూ బురదై, రిషిగంగ నదిలోంచి ధౌలీగంగలోకి దూకి, ఎక్కడో కింద తపోవన్ దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో పని చేస్తున్నవాళ్లను ముంచేసింది. 200 మందికి పైగా పోయారు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి చెరువు తెగింది. గుడి ఎదుటి బజారే కాదు, కింద రాంబాడా అనే మజిలీ మొత్తం కొట్టుకుపోయింది. ఆ వారమంతా మన తెలుగు ఇళ్లలో ఎంతమంది ఫోన్లు పట్టుకుని కూర్చున్నారో మీకు తెలియంది కాదు. పైన మంచు, మధ్యలో వాలు, కింద నది, ఒడ్డున ఊరు, అన్నీ ఒకే గొలుసు. రోడ్డు ముక్కను విడిగా కొలిస్తే ఈ గొలుసు కనపడదు.

బద్రీనాథ్ దారిలోనే ఉన్న జోషీమఠ్ ఊళ్లో మూసేసిన ఒక ఇంటి ముందు ఆగాం. గోడ పగుల్లో నా అరచెయ్యి నిలువుగా పట్టింది. ఎర్ర రంగుతో వేసిన గుర్తు ఇంకా ఉంది. 2023 జనవరిలో ఆ ఊళ్లో 800కు పైగా కట్టడాలు పగుళ్లిచ్చాయి. ఆ ఊరు గట్టి రాతి మీద లేదు, పాత కొండచరియ శిథిలాల మీద కూర్చుందని ప్రభుత్వమే వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. పెద్ద కట్టడాలు వద్దు, పేలుళ్లు వద్దు, నీళ్లు పోయే దారి సరిచేయండని రాసింది. అప్పటికి నేనింకా బడిలో చదువుకుంటున్నాను.

సరిహద్దులో సైన్యానికి మంచి రోడ్డు కావాలి, కాదనను. అయితే సైన్యం బండ్లు వెళ్లే రోడ్డు ముందు నిలిచి ఉండాలి కదా. అందుకే అడుగుతున్నాను. ఇకపై హిమాలయంలో ఏ రోడ్డుకైనా, సొరంగానికైనా, జలవిద్యుత్ కేంద్రానికైనా ఆ నదీలోయ మొత్తానికి కలిపి ఒకే అంచనా వేయించండి. ముక్కలు చేసి తప్పించుకునే వీలు లేకుండా నిబంధన మార్చండి. అది మీ శాఖ చేతిలోని పనే. కోసిన మట్టిని నదిలోకి తోసేవాళ్ల మీద కేసులు పెట్టించండి. లోయకు రోజుకు ఎంతమందిని పంపవచ్చో లెక్క కట్టించి, దాన్ని గట్టిగా అమలు చేయించండి.

ఈ విస్తరణకు యాత్రికుల సౌకర్యం కూడా ఒక కారణంగా చెబుతున్నారు. ఆ యాత్రికుల్లో నేనూ ఒకణ్ణి. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ ఈసారి కేదార్‌నాథ్ ఎక్కలేకపోయింది. మళ్లీ తీసుకొస్తానని మాటిచ్చాను. రోడ్డు ఇరుకై రెండు రోజులు ఆలస్యమైనా, మా వంతు కోసం రుషికేశ్‌లో వారం ఆగాల్సి వచ్చినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
నంద్యాల